ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ – ప్లేట్లలో మిగిలిన జీవితం

మన బాగ్ లింగంపల్లి నుంచి నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా బషీర్‌బాగ్ చేరాలంటే, రోడ్డు ఖాళీగా ఉంటే ఆటోలో పావుగంట పడుతుంది. మనలో చాలామంది ఉద్యోగాల కోసమో, ఆఫీసు పనుల కోసమో తరచూ అటు పోతూనే ఉంటాము. ఆ బషీర్‌బాగ్ రోడ్డుకు ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ మార్గ్ అని పేరు పెట్టారు. ఆ పెద్దమనిషి ఎవరు, ఆ పేరు ఆ రోడ్డుకే ఎందుకు వచ్చింది అని అడిగితే మాత్రం మన పిల్లల్లో చెప్పగలిగేవారు తక్కువ. పెద్దల్లోనూ కొందరు గజల్ పాడే గులాం అలీ గారే ఈయన అనుకుంటారు. కాదు. ఆ గజల్ గాయకునికి ఈ ఉస్తాద్ గారి మీది అభిమానంతోనే తండ్రి ఆ పేరు పెట్టుకున్నారు.

హిందుస్తానీ సంగీతంలో 20వ శతాబ్దపు మహా గాయకులను వేళ్ళ మీద లెక్కపెడితే, అందులో తప్పక వచ్చే పేరు బడే గులాం అలీ ఖాన్. వారు ఎక్కడో పంజాబులో పుట్టారు, లాహోర్, కలకత్తా, బొంబాయి నగరాల్లో బ్రతికారు, చివరకు మన హైదరాబాదులో కన్నుమూశారు. వారు కన్నుమూసిన ప్యాలెస్ ఈనాడు లేదు. వారి పేరున్న రోడ్డు ఉన్నది, పాత బస్తీలో ఖబరు ఉన్నది. ఇవి కాక మిగిలినది ఏమిటి అంటే గ్రామఫోను ప్లేట్లు. అందుకని ఈ సావనీరులో ఆ మహనీయుని జీవితాన్ని ప్లేట్ల వైపు నుంచి చెప్పదలచాము. ఎందుకలాగ అన్నది చదువుతూ పోతే పాఠకులకే బోధపడుతుంది.

కసూర్ నుంచి కలకత్తా దాకా

ఉస్తాద్ గారు 1902 ఏప్రిల్ 2న కసూర్‌లో జన్మించారు. అది లాహోర్‌కు దగ్గరగా ఉన్న ఊరు, నేడు పాకిస్తాన్‌లో గలదు. తండ్రి అలీ బఖ్ష్ ఖాన్ గాయకులు. తండ్రి గారి సోదరుడు కాలే ఖాన్ పటియాలా ఘరానాలో పేరు మోసిన గాయకులు. ఇల్లంతా పాటే. పిల్లవాడు మాటలతోబాటు సరిగమలు కూడా నేర్చాడంటే అతిశయోక్తి కాదు. చిన్ననాడే కాలే ఖాన్ గారి దగ్గర శాగిర్దుగా కూర్చున్నాడు. తరువాత తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. సారంగీ కూడా పట్టాడు. సారంగీ వాయించినవాని చెవికి గొంతులోని సన్నని వంపులన్నీ తెలుస్తాయి. పాటగాని వెనుక కూర్చుని, వాని ప్రతి మలుపునూ కమానుతో పట్టుకోవడమే ఆ వాద్యగాని పని కదా. ఆ అలవాటు తరువాత వారి గానంలో ఎంత పనికివచ్చిందో వారి ప్లేటు ఒక్కటి వింటే చాలు.

సరిగ్గా ఆ 1902లోనే మన దేశంలో ఇంకొక సంగతి జరిగింది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు గ్రామఫోను కంపెనీ తరఫున కలకత్తా వచ్చి, నవంబరు నెలలో, ఒక హోటల్ గదిలో మన పాటగాళ్ళ పాటలను రికార్డు చేశాడు. ఆనాడు పాడినవారిలో పేరు తెచ్చుకున్న గాయని గౌహర్ జాన్. పాట చివర ఆమె తన పేరు గట్టిగా చెప్పేది. మైనపు అచ్చులు ఓడ మీద జర్మనీలోని హానోవర్‌కు పోయి, అక్కడ ప్లేట్లుగా తయారై తిరిగి వచ్చేవి. అక్కడి పనివారికి ఏది ఎవరి పాటో తెలియాలంటే పాడినవారే పేరు చెప్పాలి మరి! 1908లో కలకత్తా సియాల్దాలో, 1928లో డమ్‌డమ్‌లో ఫ్యాక్టరీలు వచ్చిన తరువాత మన ప్లేట్లు మన దగ్గరే తయారైనాయి.

అంటే ఉస్తాద్ గారికీ, మన దేశంలో రికార్డింగుకూ వయసు ఒకటే. ఇది కేవలం తేదీల ముచ్చట కాదు. వారికంటే ముందు తరాల ఉస్తాదుల గానం వారి ఊపిరితోనే పోయింది. తాన్‌సేన్ పాడితే దీపాలు వెలిగేవని, వానలు కురిసేవని కథలు చెప్పుకుంటాము గానీ, ఆ గొంతు ఎట్లా ఉండేదో ఎవరికి తెలుసు? వ్రాసేవారి మాట పుస్తకంలో నిలుస్తుంది, మేస్త్రీ పని గోడలో నిలుస్తుంది. పాటగాని పని గాలిలో కలిసిపోతుంది. ఆ గతి తప్పిన తొలి తరంలో బడే గులాం అలీ ఖాన్ పుట్టారు.

వారు లాహోర్‌లో పేరు తెచ్చుకున్నారు. 1930ల చివరికి కలకత్తా సంగీత సభలు వారిని విన్నాయి. 1944లో బొంబాయిలో జరిగిన పెద్ద సంగీత సమావేశం తరువాత వారి పేరు దేశమంతా మారుమ్రోగింది. మనిషి భారీ విగ్రహం, ఒత్తయిన మీసాలు, ఒడిలో స్వరమండల్. చూడబోతే పహిల్వాన్. నోరు తెరిస్తే మాత్రం మూడు స్థాయిల్లోనూ వెన్నలాగ సాగే గొంతు. ఖయాల్ పాడినా, ఠుమ్రీ పాడినా అందులో పంజాబు మట్టి వాసన ఉండేది. స్వయంగా బందిష్‌లు కట్టేవారు. వాటికి సబ్‌రంగ్ అనే కలం పేరు పెట్టుకున్నారు. అన్ని రంగులూ అని దాని అర్థం. ఆ పేరు వారికి సరిగ్గా సరిపోయింది.

మూడు నిమిషాల లెక్క

ఇక్కడ గ్రామఫోను ప్లేటు సంగతి కొంచెం చెప్పుకోవాలి. మన తాతల కాలపు నల్లప్లేటు నిమిషానికి 78 సార్లు తిరుగుతుంది. 10 అంగుళాల ప్లేటులో ఒక పక్కకు మూడు నిమిషాలు, 12 అంగుళాలదయితే నాలుగు నిమిషాల పైచిలుకు. అంతే. ముల్లు లోపలి అంచుకు చేరిందంటే పాట ఆగవలసిందే. గంటన్నర సేపు రాగాన్ని విప్పి చూపించే ఉస్తాదులకు ఇది పెద్ద చిక్కు. కొందరు ఈ డబ్బా మాకొద్దు పొమ్మన్నారు. కొందరు హడావిడిగా పాడి, ఏదో అయిందనిపించారు.

బడే గులాం అలీ ఖాన్ గారి తీరు వేరు. నిదానంగా విస్తరించడంలోనే శాస్త్రీయ సంగీతం అందమున్నదని వారు ఒప్పుకుంటూనే, కచేరీలో సైతం రాగాన్ని క్లుప్తంగా పాడేవారు. ఎదుట కూర్చున్నవారు అందరూ పండితులు కారు, సామాన్యులకు పొడుగాటి ఆలాపన విసుగు పుట్టిస్తుంది అనేది వారి అభిప్రాయం. దీనిని తప్పుపట్టినవారు లేకపోలేదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, వారి మూడు నిమిషాల ప్లేటు వినేవారికి కోసేసిన పాటలాగ అనిపించదు. మొదలున్నది, నడుమ ఉన్నది, ముగింపు ఉన్నది. దర్జీ కొలత తీసుకుని కుట్టినట్లు ఉంటుంది. బజారులో టీ అమ్ముకునేవాడు, రిక్షా తొక్కేవాడు కూడా ఆ మూడు నిమిషాలకు నిలబడి వినగలడు. దర్బారుల సంగీతం హోటల్ ముందటి బెంచీ దాకా నడిచి వచ్చింది ఆ ప్లేటు పుణ్యాన.

ఇంకొక సంగతి. తొలిరోజుల్లో మైకు లేదు. పాడేవారు పెద్ద బూరాలో తల దూర్చినట్లు కూర్చుని అరిచినట్లు పాడవలసి వచ్చేది. 1925 తరువాత కరెంటుతో, మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చింది. ఆ తరువాతనే గుసగుసలాంటి ముర్కీ, నిట్టూర్పులాంటి స్వరం ప్లేటుకు ఎక్కినాయి. ఉస్తాద్ గారి ఠుమ్రీలో ఉన్న సొగసంతా అటువంటి చిన్న చిన్న విరుపుల్లోనే ఉన్నది. పది, ఇరవై ఏళ్ళు ముందు పాడి ఉంటే అందులో సగం మనకు దక్కేది కాదు.

ఆ నల్లప్లేటు దేనితో చేసేవారో తెలుసునా? లక్కతో! మన లాడ్ బజారులో గాజులు చేసే లక్కే. ఛోటా నాగపూర్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే ఆ లక్కను శుద్ధి చేసి, రాతిపొడి, నల్లరంగు కలిపి, వేడి మీద అచ్చులో నొక్కితే ప్లేటు. ప్రపంచమంతటి ప్లేట్లకు కావలసిన లక్కలో అధిక భాగం మన దేశం నుంచే పోయేది. అందుకనే పాత ప్లేటు జారిపడితే గాజు పగిలినట్లు పగులుతుంది. 1948లో అమెరికాలో వినైల్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఎల్.పి. రికార్డు వచ్చింది. అది నిమిషానికి 33 సార్ల పైచిలుకు మాత్రమే తిరుగుతుంది, ఒక పక్కకు 20 నిమిషాలు పైగా పాడుతుంది, పడితే పగలదు. ఉస్తాద్ గారి చివరి దశలో ఎల్.పి.లు మన దేశానికీ వచ్చాయి. గుణ్‌కలీ, మాల్‌కౌంస్, దర్బారీ, కౌశీ ధ్వని రాగాల్లో వారు పాడిన ఖయాళ్ళు హెచ్.ఎం.వి. ఎల్.పి.ల మీద విడుదలైనాయి. మూడు నిమిషాల ఉస్తాద్‌ను విన్నవారు, ఆ ఎల్.పి.లలో తీరికగా కూర్చుని పాడే ఉస్తాద్‌ను వినగలిగారు. రెండూ విన్నవానికే పూర్తి మనిషి తెలుస్తాడు.

దేశం రెండుగా చీలినప్పుడు

1947 వచ్చింది. కసూర్ సరిహద్దుకు ఆవల పడింది. ఉస్తాద్ గారు సొంత ఊరికి పోయారు గానీ అక్కడ నిలువలేకపోయారు. పాటకు చెవి ఇచ్చే సభలు, శాగిర్దులు, అభిమానులు ఎక్కువగా ఇటువైపు ఉన్నారు. కొంతకాలానికి తిరిగి వచ్చారు. బొంబాయి నాయకులు మొరార్జీ దేశాయ్ గారి సహాయంతో 1957లో భారత పౌరసత్వం లభించింది. మలబార్ హిల్‌లో ఉండటానికి ఇల్లు కూడా ఏర్పాటైంది.

చెప్పడానికి రెండు వాక్యాలే గానీ, ఆ పదేళ్ళు ఎంత బరువైనవో మన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు. తోడబుట్టిన బర్కత్ అలీ ఖాన్ గారు లాహోర్‌లోనే ఉండిపోయారు. వారు కూడా ఠుమ్రీ, గజల్ పాడటంలో దిట్ట. 1963లో అక్కడే కన్నుమూశారు. ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పెరిగిన రెండు గొంతులు రెండు దేశాల పాలైనాయి. ఈనాటికీ అన్నదమ్ములిద్దరి పాత ప్లేట్లు పక్కపక్కన పెట్టి వింటే, చిన్న మలుపు దగ్గర ఇద్దరూ ఒకే విధంగా నవ్వుతున్నట్లు ఉంటుంది. సరిహద్దులో మనిషికి పాస్‌పోర్టు అడుగుతారు, పాటను ఎవరు ఆపగలరు?

ఉస్తాద్ గారు నమాజీ ముసల్మాను ఇంట పుట్టి, హరి ఓం తత్సత్ అనే భజనను ఎంత భక్తితో పాడారో దేశమంతా ఎరుగును. దానిని ప్రదర్శనగా పాడలేదు. రాగానికి, భాషకు, తనను వినవచ్చినవారికి మర్యాద చేయడమే వారికి తెలిసిన పద్ధతి. మద్రాసులో కర్ణాటక విద్వాంసులు జి.ఎన్. బాలసుబ్రహ్మణ్యం వంటి పెద్దలు వారిని నెత్తిన పెట్టుకున్నారు. మన తెలుగువారికి మరీ దగ్గరి సంబంధం ఒకటున్నది. ఉస్తాద్ గారు మద్రాసు వెళ్ళినప్పుడు మన ఘంటసాల వెంకటేశ్వరరావు గారి ఇంట బస చేసేవారు. తెలుగు సినిమా పాటలో హిందుస్తానీ రాగాల సువాసన ఎక్కడిదని అడిగేవారికి ఈ సంగతి తెలిస్తే చాలు. ఆ ఘంటసాల గారు చివరి రోజుల్లో పాడిన భగవద్గీత కూడా ఎల్.పి. రికార్డుగానే తెలుగువారి ఇంటింటికీ చేరింది. ఒకే ఇంట్లో భోంచేసిన ఇద్దరు గాయకుల గొంతులను ఒకే జాతి నల్లప్లేటు దాచిపెట్టింది.

తాన్‌సేన్ గొంతు

ఉస్తాద్ గారికి సినిమాలంటే ఇష్టం లేదు. సినిమా పాట పాడమని వచ్చినవారిని చాలాకాలం తిప్పి పంపారు. దర్శకుడు కె. ఆసిఫ్ మొగల్-ఎ-ఆజం తీస్తూ, అక్బరు దర్బారులో తాన్‌సేన్ పాడే పాటకు వీరి గొంతే కావాలని పట్టుబట్టారు. సంగీత దర్శకులు నౌషాద్ గారితో కలిసి వచ్చి అడిగారు. ఎట్లాగైనా వదిలించుకోవాలని ఉస్తాద్ గారు పాటకు 25,000 రూపాయలు అడిగారు. అప్పట్లో అగ్రశ్రేణి సినిమా గాయకులకే పాటకు 500 రూపాయలు మించని రోజులవి! ఆసిఫ్ గారు మారుమాట లేకుండా ఒప్పుకున్నారు. ఉస్తాద్ గారికి ఇక తప్పించుకునే దారి లేకపోయింది. సోహ్నీ రాగంలో ఒకటి, రాగేశ్రీ రాగంలో ఒకటి పాడారు. 1960లో సినిమా విడుదలైంది.

ఈ కథను అందరూ డబ్బు ముచ్చటగా చెప్పుకుంటారు. మాకు మాత్రం ఇందులో వేరొక సంగతి కనబడుతుంది. తాన్‌సేన్ గొంతు ఎవరూ వినలేదు, ఎక్కడా దాచలేదు. నాలుగు వందల ఏళ్ళ తరువాత ఆ ఖాళీని నింపడానికి ఒక గొంతు కావలసి వచ్చింది. ఆ గొంతు మాత్రం ప్లేటు మీద నిలిచిపోయింది. రేపు నాలుగు వందల ఏళ్ళ తరువాత ఎవరైనా బడే గులాం అలీ ఖాన్ మీద సినిమా తీస్తే, వారికి ఇంకొకరి గొంతు అరువు తెచ్చుకోవలసిన పని ఉండదు. ప్లేట్లు మిగిలి ఉంటేనే సుమా!

1962లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. అదే సంవత్సరం సంగీత నాటక అకాడమీ పురస్కారం కూడా వచ్చింది.

బషీర్‌బాగ్‌లో చివరి రోజులు

ఉస్తాద్ గారికి జబ్బు చేసి శరీరంలో ఒక పక్క చచ్చుబడింది. గాయకునికి ఇంతకంటే కష్టం ఏముంటుంది? ఊపిరి చాలాలి, నాలుక తిరగాలి, స్వరమండల్ మీద చెయ్యి ఆడాలి. వారు ఓడిపోలేదు. కోలుకొని, కుమారుడు మునవ్వర్ అలీ ఖాన్ గారిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ సభల్లో పాడారు. తండ్రి స్వరం అందుకోలేని చోట కొడుకు అందుకునేవాడు. వినేవారికి ఒకే గొంతు రెండు వయసుల్లో పాడుతున్నట్లు ఉండేది.

ఆ చివరి కాలంలో వారికి ఆశ్రయమిచ్చినది మన హైదరాబాదు. పాయిగా వంశస్థులు నవాబ్ జహీర్ యార్ జంగ్ గారి అతిథిగా బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఉన్నారు. ఆ ప్యాలెస్ కట్టించినది పాయిగా అమీరు సర్ ఆస్మాన్ జా. వారి బషీరుద్దౌలా అనే బిరుదు మీదనే ఆ పేటకు బషీర్‌బాగ్ అన్న పేరు వచ్చింది. 1968 ఏప్రిల్‌లో, 66 ఏళ్ళ వయసులో, ఉస్తాద్ గారు ఆ ప్యాలెస్‌లోనే ఇంతెఖాల్ అయ్యారు. పాత బస్తీలో దాయరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు. కులీ కుతుబ్‌షాల కాలంనాటి ఆ ఖబరస్తాన్‌లో పెద్ద పెద్ద పండితులు, అమీరులు నిద్రిస్తున్నారు. కసూర్‌లో పుట్టిన పాటగాడు వారి మధ్య మన నేలలో కలిశాడు.

మునవ్వర్ అలీ ఖాన్ గారు కూడా 1989లో వెళ్ళిపోయారు. ప్యాలెస్ పోయింది. మలబార్ హిల్ ఇల్లు, లాహోర్ మెహఫిళ్ళు ఏవీ లేవు. ఒక మనిషికి సంబంధించినవన్నీ ఇట్లా ఒకదాని వెనుక ఒకటి పోతూ ఉంటే, ముల్లు పెట్టగానే ఊపిరి తీసుకుని మొదలుపెట్టేది ప్లేటు ఒక్కటే.

మన అటకల మీది అమానత్

ఇంత చెప్పినది ఎందుకంటే, ఆ ప్లేట్లు ఎక్కడో మ్యూజియంలో మాత్రమే లేవు. మన ఇళ్ళ అటకల మీద, రేకు పెట్టెల్లో, మంచాల కింద కూడా ఉన్నాయి. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్, బాగ్ లింగంపల్లి పేటల్లో ఉద్యోగస్తుల ఇళ్ళల్లో గ్రామఫోను గానీ, రేడియోగ్రాం గానీ ఉన్న ఇళ్ళు తక్కువేమీ కాదు. ఒక పెట్టెలోనే ఖవ్వాలీ, నాటకాల పద్యాలు, సినిమా పాటలు, ఉస్తాదుల ఖయాళ్ళు కలిసి ఉండేవి. పెద్దాయన పోతారు, ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కడతారు, పెట్టె కబాడీవానికి పోతుంది. లక్క ప్లేటును వాడు కిలో లెక్కన కూడా కొనడు, పగలగొట్టి పారేస్తాడు. ఎల్.పి.ల సంగతి వేరు. ఈమధ్య ప్రపంచమంతటా వాటికి మళ్ళీ గిరాకీ వచ్చింది. అమెరికాలో 2020లో ఎల్.పి.ల అమ్మకపు రాబడి సి.డి.ల రాబడిని మించిపోయింది, అది 1986 తరువాత మొదటిసారి. కాబట్టి తెలిసినవాడు మీ ఇంట్లో పది రూపాయలకు కొని, బయట వందలకు, వేలకు అమ్ముకుంటాడు. డబ్బు మాట అటుంచండి. ఆ ప్లేటు ఎవరు కొన్నారు, ఏ పెళ్ళికి వాయించారు అన్న ముచ్చట మీ ఇంటితోనే పోతుంది, అది ఏ దుకాణంలోనూ దొరకదు.

ఒక్క మనిషి పట్టుదల ఎంత పని చేస్తుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు. అబ్దుస్సమద్ ఖాన్ గారు ఏళ్ళ తరబడి పాత ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఏరి కూడబెట్టారు. ఆ భాండారం చివరకు మన బాగ్ లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రానికి చేరి, దేశదేశాల పరిశోధకులకు పనికివచ్చింది. 2000 ఆగస్టు వరదల్లో ఆ కేంద్రంలోకి నీళ్ళు వచ్చి పుస్తకాలు తడిసినప్పుడు ఎంత బాధపడ్డామో మన పేటవారికి గుర్తే. కూడబెట్టడం సగం పని, కాపాడటం మిగతా సగం అని ఆనాడు తెలిసింది. ప్లేట్ల విషయంలో అటువంటి పట్టుదలే మద్రాసులో మన తెలుగువారు వి.ఎ.కె. రంగారావు గారు చూపించారు. వేలకు వేలు ప్లేట్లు సేకరించడమే గాక, ఏది ఎవరు పాడినది, ఎప్పటిది అని విడమరచి వ్రాశారు. వివరం తెలియని ప్లేటు చిరునామా లేని ఉత్తరం వంటిది.

మనం అంత చేయలేకపోవచ్చు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్లేట్లను ఒకదాని మీద ఒకటి బోర్లా పేర్చవద్దు. పుస్తకాల్లాగ నిలువుగా, ఎండ, వేడి, చెమ్మ తగలని చోట పెట్టండి. లక్క ప్లేటును స్పిరిటుతో ఎప్పుడూ తుడవరాదు, లక్క స్పిరిటులో కరుగుతుంది. మెత్తని గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. పాత గ్రామఫోను ఇనుప ముల్లును ఎల్.పి. మీద పెడితే ఆ ఎల్.పి. పాడైపోతుంది. ఎల్.పి. ముల్లు 78 ప్లేటు గాడికి సరిపోదు, రెండింటి గాళ్ళ వెడల్పు వేరు వేరు. లేబులు మీద ఉన్న పేరు, రాగం, నంబరు ఒక నోటుబుక్కులో వ్రాసుకోండి. లేబులుకు, గాళ్ళకు మధ్య ఖాళీ జాగాలో చిన్న అక్షరాల్లో చెక్కిన నంబరు ఉంటుంది, దానిని కూడా వ్రాయండి. లేబులు చిరిగినా ఆ నంబరుతో పాట ఏదో పట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో పెద్దవారు ఉండగానే ఆ పెట్టె దించి, ఏ ప్లేటు ఎప్పటిదో, ఎవరు తెచ్చారో వారి నోట చెప్పించుకోండి.

మా ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు అమానత్ అనే మాటకు అర్థం చెప్పవలసి వస్తే, మన దగ్గర ఉన్నా మనది కానిది, ఒకరోజు అప్పగించవలసినది అని చెబుతాము. ఉస్తాద్ గారి ప్లేటు అటువంటిదే. డబ్బు పెట్టి కొన్నది మన తాత. పాడినది కసూర్ పిల్లవాడు. వినవలసినది ఇంకా పుట్టని మనుమలు. నడుమ మనం కాపలాదారులం. బాగ్ లింగంపల్లి నుంచి బషీర్‌బాగ్ వైపు పోయేటప్పుడు ఆ రోడ్డు పేరు ఒకసారి పైకి చదవండి. పక్కన పిల్లలుంటే వారికి ఈ నాలుగు ముక్కలు చెప్పండి. ఇంటికి వచ్చాక అటక మీద ఏమున్నదో చూడండి.